బిడ్డ బండి: ముందు మడత చూడండి

పసిబిడ్డకు తోపుడు బండి కొనాలంటే ముందు ఏం చూడాలి? మెత్తని పరుపా? పెద్ద చక్రాలా? మదురైలో బస్సుల్లో తిరిగే కుటుంబాలు ముందు చూడాల్సింది మడత. మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కేటప్పుడు ఒక చేత బిడ్డ, ఇంకో చేత బండి. మడవలేని బండి అక్కడ భారమే. బ్రిటన్‌లో విమానాల ఇంజనీరు ఓవెన్ మెక్లారెన్ 1965లో గొడుగులా ముడుచుకునే బండిని రూపొందించింది ఇలాంటి ప్రయాణపు తిప్పలు తీర్చడానికే.

చిన్న చక్రాలు గతుకుల్లో కుదుపుతాయి కదా అంటారు. నిజమే. అలాంటి చోట బిడ్డను ఎత్తుకుంటే సరిపోతుంది. బరువైన బండిని బస్సులోకి ఎత్తడానికి మాత్రం అంత సులువైన ఉపాయం లేదు. అయితే తేలికని భద్రత వదులుకోకూడదు. మెడ నిలవని బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టే వీలుండాలి. బెల్టు, బ్రేకు గట్టిగా ఉండాలి. పిడికి బరువైన సంచులు తగిలించకండి, బండి వెనక్కి ఒరుగుతుంది. ఎండకని గుడ్డ కప్పేయకండి, లోపల గాలాడక వేడెక్కుతుంది. కొట్లోనే ఒంటిచేత్తో మడిచి, ఎత్తి చూడండి. మడత, పడక, బెల్టు, బ్రేకు. ఈ నాలుగూ సరిగ్గా ఉంటేనే కొనండి.