ఉద్యోగం పోయిన ఇంట వైద్య బీమా

(చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మన పిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మనకు ఉద్యోగం అయిపోయినా పెన్షనుంది, హెల్త్ కార్డుంది. వేరు కాపురమున్న కొడుకు, కోడలు, మనుమలు ఆ కార్డులోకి రారు. వారికున్నది కంపెనీ చేయించిన బీమాయే. ఉద్యోగంతో వచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది.

మన ప్రాంతానికి ఈ విషయం మరీ అవసరం. జంట జలాశయాల రక్షణకై 1996లో వచ్చిన 111 జీ.వో. 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలపై ఆంక్షలు పెట్టింది. మన పిల్లలు పొద్దున్నే లేచి గచ్చిబౌలికో, పటాన్‌చెరుకో పోయి ప్రైవేటు కొలువులు చేస్తున్నారు. ఆ కొలువు ఎంతకాలముంటుందో ఎవరూ చెప్పలేరు.

మా చిన్నవాడు ఒక కంపెనీలో పదిహేనేళ్ళు పనిచేశాడు. ఒక శుక్రవారంనాడు పిలిచి రాజీనామా వ్రాయించుకున్నారు. కోడలికి షుగరుంది. బీమా ఏజెంటునడిగితే, ఉన్న జబ్బుకు మూడేళ్ళదాకా క్లెయిము రాదన్నాడు. కొత్త పాలసీ విషయంలో అది జరగవచ్చు. కాని గ్రూపు పాలసీ నుండి బయటికొచ్చేవారు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారవచ్చు. గ్రూపులో గడిచిన కాలం ఆ నిరీక్షణ గడువులో జమ అవుతుంది. కంపెనీవారు ఫోనులో అటువంటిదేమీ లేదన్నారు. ముప్పై ఏళ్ళు టపా చూసినవాణ్ణి నేను. ఫోనులో చెప్పిన మాటకు ఫైలుండదు. పాలసీ నంబరు, చేరిన సంవత్సరం, ఉద్యోగం చివరి తేదీ వేసి దరఖాస్తు వ్రాయించాను. జవాబు వ్రాతపూర్వకంగా ఇమ్మని అడిగాం. పన్నెండో రోజున ఫారం వచ్చింది. షుగరు సంగతి దాచకుండా వ్రాశాం. ఆరు నెలలకు కోడలికి కాలి పుండు ముదిరి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. క్లెయిము పాసయింది. లేకుంటే నా గ్రాట్యుటీలో మిగిలినది ఆ బిల్లుకే పోయేది.

మన ఇండ్లలో ఇటువంటి పరిస్థితి వస్తే చూడవలసినవి వరుసగా చెబుతాను.

మొదటిది ఈ.ఎస్.ఐ. 2017 నుండి నెలకు 21,000 రూపాయల వరకు జీతమున్నవారు ఇందులోకి వస్తారు. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు గల కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి వుంటే, వచ్చే జనవరి నుండి జూన్ వరకు వైద్యం లభిస్తుంది. అక్టోబరు–మార్చి చందాకు జూలై నుండి డిసెంబరు వరకు. మధ్యలో ఉద్యోగం పోయినా ఆ హక్కు పోదు. కనుక కార్డు పారేయవద్దు.

రెండవది ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఈ పథకానికి మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 9న పరిమితిని పది లక్షలకు పెంచారు. దీనికి ఆహార భద్రత కార్డు ఆధారం. గ్రామాలలో ఏడాదికి లక్షన్నర, పట్టణాలలో రెండు లక్షల లోపు ఆదాయం ప్రమాణం. జీతం నిలిచిన కుటుంబానికి అర్హత వుంటే దరఖాస్తు పెట్టాలి. "సర్కారు ఉద్యోగి కొడుక్కి రేషను కార్డా?" అని నామోషీ పడవద్దు.

మూడవది 70 ఏళ్ళు నిండిన పెద్దలకు. 2024 అక్టోబరు 29 నుండి ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల వరకు అవకాశమిచ్చారు. మన వియ్యాలవారిలో హెల్త్ కార్డు లేనివారికి ఇది పనికివస్తుంది.

నాలుగవది కొనే పాలసీ. కుటుంబమంతటికీ కలిపి తీసుకునే పాలసీలో ప్రీమియం అందరికన్నా పెద్దవారి వయసునుబట్టి పడుతుంది. ముసలివాళ్ళం మనం అందులో చేరితే పిల్లలకు భారం. ఆరోగ్య సంజీవని పాలసీ 2020 నుండి వేర్వేరు కంపెనీలలో ఒకే షరతులతో వుంది గనుక ధరలు పోల్చడం తేలిక. క్లెయిములో ఐదు శాతం మనం భరించాలి. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జి.ఎస్.టి. తీసివేశారు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజులలో తిప్పి పంపవచ్చు.

మన చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసి అమెరికా వెళ్ళిన పిల్లలున్నారు. అక్కడ 20 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కంపెనీలో ఉద్యోగం పోతే, కోబ్రా అనే చట్టం క్రింద సాధారణంగా 18 నెలలు పాత బీమానే కొనసాగించుకోవచ్చు. కాని యజమాని వాటాతో సహా మొత్తం తామే కట్టుకోవాలి. నిర్ణయానికి 60 రోజుల గడువు. ఫోను చేసినప్పుడు ఈ మాట చెప్పండి.

బీమా కంపెనీ నెలలోగా ఫిర్యాదుకు జవాబివ్వకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

మిత్రులారా, ఉద్యోగం పోయిన పిల్లవాడు సిగ్గుతో నెలల తరబడి ఇంట్లో చెప్పడు. ఆ నెలల్లోనే గడువులు దాటిపోతాయి. "కొత్త ఉద్యోగం ఎప్పుడు?" అని అడిగే ముందు "బీమా ఏ తేదీతో అయిపోతుంది?" అని అడగండి. కాగితాలు వరుసలో పెట్టడం, దరఖాస్తు వ్రాయడం మనకు చేతనైన విద్య. పిల్లలకు ఆ విద్య ఇప్పుడు అక్కరకు వస్తుంది.