మందు ధరను ఎవరు నిర్ణయిస్తారు?



అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊళ్లో రద్దీగా ఉండే చోటు అబర్డీన్ బజార్. అక్కడి మందుల దుకాణాలకు సరుకు ఓడలోనో విమానంలోనో సముద్రం దాటి రావలసిందే. అయినా అట్ట మీద ముద్రించిన ఎమ్మార్పీ విశాఖపట్నంలో ఎంతో అక్కడా అంతే. దానికి మించి వసూలు చేయడం చట్టవిరుద్ధం. అంటే ప్రాణం నిలిపే మందు సామాన్యుడికి అందకపోవడానికి అసలు కారణం దూరం కాదు. మరి ఏమిటి?

కొత్త మందును కనుగొన్న సంస్థకు పేటెంట్ లభిస్తుంది. 20 ఏళ్ల పాటు ఇతరులెవరూ అనుమతి లేకుండా ఆ మందు తయారు చేయరాదు. పోటీ లేనప్పుడు ఆ సంస్థ చెప్పిందే ధర. మన 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, దాన్ని తయారు చేసే పద్ధతికి మాత్రమే హక్కు ఇచ్చేది. అందువల్ల మన కంపెనీలు వేరే పద్ధతిలో అదే మందును చౌకగా తయారు చేయగలిగాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005 నుంచి మందుకే పేటెంట్ ఇవ్వడం మొదలైంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. సోరాఫెనిబ్ అనేది కాలేయ, మూత్రపిండ క్యాన్సర్ రోగుల ఆయుష్షును పొడిగించే మందు. దాని పేటెంట్ అప్పట్లో బేయర్ సంస్థకు ఉండేది. నెలకు సరిపడే 120 బిళ్ళల ధర అప్పట్లో సుమారు 2,80,000 రూపాయలు ఉండేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో సంస్థ దీన్ని తయారు చేయడానికి నిర్బంధ లైసెన్సు కోరింది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ అనుమతి ఇచ్చారు. ప్రజల అవసరం తీరడం లేదు, ధర అందుబాటులో లేదు, మందు మన దేశంలో తయారు కావడం లేదు అన్నవి ఆయన చూపిన కారణాలు. అప్పట్లో నాట్కో ధర సుమారు 8,800 రూపాయలు. అంటే దాదాపు 32వ వంతు! మన దేశంలో ఇదే మొదటి నిర్బంధ లైసెన్సు.

పరిశోధనకు పెట్టిన ఖర్చు రాకపోతే కొత్త మందులు ఎలా వస్తాయని కంపెనీలు అడుగుతాయి. కొట్టిపారేయదగిన ప్రశ్న కాదిది. అందుకే చట్టం బేయర్ హక్కును రద్దు చేయలేదు. నాట్కో అమ్మకాలపై ఆ సంస్థకు రాయల్టీ చెల్లించాలని ఆదేశించింది. హక్కు ఉండవచ్చు, దానికి హద్దు కూడా ఉండాలి.

అయితే రోజు కూలీతో బతికే ఇంటికి నెలకు 8,800 కూడా మోయలేని బరువే. దీవుల రోగిని చికిత్సకు చెన్నైకో విశాఖకో తీసుకువెళ్లే ఖర్చు దీనికి అదనం. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు వర్తిస్తుంది. నెలల తరబడి ఇంటి దగ్గర మింగే బిళ్ళల ఖర్చు చాలావరకు కుటుంబం మీదే పడుతుంది. అప్పులు పుట్టేది ఇక్కడే.

ఈ భారాన్ని తగ్గించే మార్గాలు కొన్ని ఉన్నాయి. అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో జనరిక్ మందులు చౌకగా దొరుకుతాయి.

మీ ఇంట్లో ఉన్న మందు అట్టను ఒకసారి పరిశీలించండి. బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు, ధర రాసుకోండి. అదే మందు జన ఔషధిలో ఎంతో కనుక్కోండి. మందు మార్చే ముందు మాత్రం వైద్యుణ్ణి తప్పక అడగండి. ఆ రెండు ధరల మధ్య తేడా ఎందుకు వచ్చిందో తరగతిలో చర్చించండి.