కాలితో నొక్కే స్విచ్చి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది యజమాని దయ కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు వేదికమీదే ఉన్నారు. కార్యదర్శిగారు మాత్రం నన్ను, "రిటైరయ్యాక ఏం చేస్తున్నారో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. పెద్దగా ఏమీ చేయడం లేదు. మొన్న దసరా ముందు ఒక స్విచ్చి మార్చాను. దాని గురించే చెబుతాను. ఒక్క స్విచ్చికి ఇంత ఉపన్యాసమా అని నవ్వుకోకండి. నవ్వినా ఫరవాలేదు, మా ఇంట్లో ముందే నవ్వారు.

నేను టెలిఫోన్ శాఖలో టెక్నీషియనుగా చేరి, 36 ఏళ్ళు పనిచేసి 2008లో రిటైరయ్యాను. స్ట్రౌజర్ ఎక్స్ఛేంజిలో రిలే కాంటాక్టులు సరిచేయడంతో నా సర్వీసు మొదలైంది. సర్వీసంతా నేను చేసిన పని ఒక్కటే: లైన్లో గరగర ఎక్కడుందో వెతికి తీసేయడం.

అలాంటివాడి ఇంట్లో మా అబ్బాయికి గిటారు పిచ్చి పట్టింది. ఉద్యోగంలో చేరాక, 2006లో, అమెరికా నుంచి వస్తున్న స్నేహితుడి చేత ఒక ఇనప డబ్బా తెప్పించుకున్నాడు. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య దాన్ని పెట్టి, కాలితో స్విచ్చి నొక్కితే తీగ మోత కాస్తా గరగరమని చీలిపోతుంది. మళ్ళీ నొక్కితే మామూలు మోత. దాన్ని ఎఫెక్ట్స్ పెడల్ అంటారట. "నెల జీతంలో సగం పోసి గరగర కొనుక్కున్నావా? మా ఎక్స్ఛేంజికి వస్తే ఉచితంగా ఇచ్చేవాణ్ణి కదరా" అన్నాను. వాడేమీ అనలేదు. తరువాత పెళ్ళయింది, పూనా వెళ్ళిపోయాడు. గిటారూ డబ్బా మా అటకెక్కాయి.

ఇప్పుడు వాడి కొడుకు మా దగ్గరే ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. అటకమీద సామాను దింపించాడు. కాలేజీ వార్షికోత్సవంలో వాయిస్తానని పేరు కూడా ఇచ్చేశాడు. తీరా చూస్తే డబ్బా మొరాయించింది. స్విచ్చి నొక్కితే దీపం వెలుగుతుంది, మోత రాదు. రెండు మూడుసార్లు నొక్కితే చిటపటమని వస్తుంది, మళ్ళీ పోతుంది. దుకాణంలో చూపిస్తే మద్రాసు పంపాలి, నెల పడుతుందన్నారు. వార్షికోత్సవం ఎనిమిది రోజుల్లో ఉంది.

"ఇటివ్వరా, చూస్తాను" అన్నాను.

"నీకు దీని గురించి తెలుసా తాతయ్యా?" అన్నాడు.

తెలియదు. కానీ మూత విప్పి చూసేసరికి పాత నేస్తం కనబడినట్టయింది. మన నల్ల టెలిఫోను గుర్తుంది కదా. రిసీవరు పెట్టి ఉంటే లైను గంటవైపు కలిసి ఉంటుంది, ఎత్తితే మాట్లాడే సర్క్యూటువైపు మారుతుంది. ఆ పని చేసేది క్రెడిల్ కింది స్విచ్చి. ఈ పెడల్లోదీ అదే జాతి. ఒక స్థితిలో గిటారు మోత సర్క్యూటు జోలికి పోకుండా నేరుగా బయటికి పోతుంది, రెండో స్థితిలో సర్క్యూటులో దూరి వెళుతుంది. స్విచ్చి కింద తొమ్మిది కాళ్ళు, మూడేసి చొప్పున మూడు జట్లు. ఒక జట్టు లోపలికి వచ్చే మోతకు, ఒకటి బయటికి పోయేదానికి, మూడోది దీపానికి. దీపం జట్టు బాగుంది, మోత జట్టులో ఒకటి అరిగింది. అందుకే దీపం వెలిగినా మోత రాలేదు.

మన పద్ధతి ప్రకారం ముందు తేలికవి చూశాను. తీగలు మార్చి చూశాను. 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూశాను. ఇక్కడ ఒక చిన్న రహస్యం. ఇలాంటి డబ్బాల్లో చాలావాటికి గిటారు తీగ గుచ్చిన జాకే బ్యాటరీకి మెయిన్ స్విచ్చి. వాయించడం అయిపోయాక తీగ పీకకపోతే బ్యాటరీ ఊరికే ఖర్చవుతూనే ఉంటుంది. ఆ తరువాత మీటరు పెట్టి పదిసార్లు నొక్కాను. నాలుగుసార్లు కాంటాక్టు తగల్లేదు. దోషి దొరికాడు.

కోఠీ గుజరాతీ గల్లీలో మూడు కొట్లు తిరిగితే నాలుగో కొట్లో స్విచ్చి దొరికింది. మీ పిల్లల కోసం కొనాల్సి వస్తే ఒక మాట గుర్తుంచుకోండి. అన్ని పెడళ్ళలోనూ ఇదే స్విచ్చి ఉండదు. బాస్ కంపెనీ 1977 నుంచి చేస్తున్న చిన్న పెడళ్ళలో కాలికింద ఉండేది చిన్న బొత్తాము. నొక్కినంతసేపే కలుస్తుంది, మార్చే పని లోపలి ఎలక్ట్రానిక్స్ చేస్తుంది. అందుకని విప్పి చూశాకే కొనాలి.

ఇక అసలు కథ. బ్యాటరీ తీశాను. ఏ కాలికి ఏ రంగు తీగో మనవడు సెల్‌ఫోన్లో ఫోటో తీశాడు, నేను కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. 25 వాట్ల ఐరన్‌తో పాత టంకం కరిగించి పీల్చేశాను. శుక్లం ఆపరేషన్ తరువాత కళ్ళు బాగానే ఉన్నాయి కానీ, చెయ్యి కొంచెం వణుకుతోంది. మోచెయ్యి బల్లకు ఆనించి, ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లకు మించకుండా వేడి చూపించాను. అంతకన్నా ఎక్కువైతే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కొత్త స్విచ్చి అక్కడే పాడవుతుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రంలో స్విచ్చి కూర్చోబెట్టి, పళ్ళ వాషరు వేసి నట్టు బిగించాను. ఆ వాషరు లేకపోతే కాలు పడ్డప్పుడల్లా స్విచ్చి తిరిగి తీగలు తెగుతాయి.

అన్నీ అతికి, బ్యాటరీ పెట్టి నొక్కాను. దీపం లేదు, మోత లేదు, చిటపట కూడా లేదు.

మనవడు నా మొహం చూసి, "పోనీలే తాతయ్యా, ఆ డబ్బా లేకుండానే వాయిస్తాలే" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ, సోదరులారా, ఆ "పోనీలే" అన్న మాట మన వయసువాళ్ళకు ఎలా తగులుతుందో మీకు చెప్పనక్కరలేదు. బ్యాంకులో, బస్సులో, ఇంట్లో రోజూ వింటున్నదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగింటికి లేచి మళ్ళీ మీటరు పట్టుకున్నాను. అరగంటలో తెలిసింది. తొమ్మిది కాళ్ళూ చదరంగా ఉంటాయి కనుక ఎటు తిప్పినా ఒకేలా కనబడతాయి. నేను స్విచ్చిని పావు మలుపు తప్పుగా కూర్చోబెట్టాను. నిలువుగా ఉండవలసిన జట్లు అడ్డంగా వచ్చాయి. కాళ్ళ బల్లపరుపు అంచులు ఎటు చూస్తున్నాయో గమనిస్తే ఈ తప్పు జరగదు. నా బొమ్మలో తీగల రంగులన్నీ ఉన్నాయి, ఆ ఒక్క గుర్తు లేదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళను ఇలాంటి తప్పుకే ఎన్నిసార్లు కసిరానో తలుచుకుంటే సిగ్గేసింది. అన్నీ విప్పి మళ్ళీ అతికాను. ఈసారి చెయ్యి ఎందుకో అంత వణకలేదు.

తెల్లవారాక మనవణ్ణి లేపి వాయించమన్నాను. దీపం వెలిగింది, ఇల్లంతా గరగరలాడింది. పక్కింటివారు కూడా లేచారు.

కాఫీ తాగుతూ మనవడు ఒక సంగతి చెప్పాడు. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తుంటే, మిక్సింగ్ పరికరంలో ఒక భాగం చెడిపోయి బేస్ గిటారు గరగరమందట. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. ఆ పాట జనానికి నచ్చింది. అప్పటి ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే గరగర కావాలన్నప్పుడు వచ్చేలా ఒక పెట్టె తయారు చేశాడు. 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి పాటతో ఆ మోత లోకమంతా పాకింది. నేను జీవితమంతా దోషమని రాసుకున్నదాన్ని అక్కడ ఒకాయన చెవి ఒగ్గి విన్నాడన్నమాట. మా అబ్బాయీ అలాగే విని ఉంటాడు. నేనే వినలేదు.

ఆ ఆదివారం పూనా నుంచి ఫోన్ వచ్చింది. వెనకాల మోత విని, "నాన్నా, ఆ డబ్బా ఇంకా పనిచేస్తోందా?" అన్నాడు.

"స్విచ్చి మార్చానురా" అన్నాను.

కాసేపు మాట లేదు. తరువాత, "మోత ఎలా ఉంది?" అన్నాడు.

"గరగరగానే ఉంది. బాగుంది" అన్నాను. ఆ మాట అనడానికి నాకు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

ముగించే ముందు రెండు మాటలు. ఒకటి జాగ్రత్త గురించి. బ్యాటరీతో నడిచే పెడల్ విప్పడం వేరు, కరెంటు ఆంప్లిఫయరు విప్పడం వేరు. ప్లగ్గు పీకినా అందులో కెపాసిటర్లు ప్రాణం తీసేంత ఛార్జి పట్టి ఉంచవచ్చు. దాని జోలికి పోకండి. అడాప్టరు వాడితే ధ్రువాలు చూసుకోండి. చాలా పెడళ్ళకు మధ్య పిన్ను నెగటివ్, ఇంట్లో దొరికే అడాప్టర్లు చాలావరకు దీనికి తిరగబడి ఉంటాయి.

రెండోది మనవి. మన సంఘంలో టంకం పెట్టగలవారు, మోటారు చుట్టగలవారు, లెక్కలు చెప్పగలవారు ఎందరో ఉన్నారు. నెలకొకసారి, రెండో శనివారం, సంఘం గదిలో ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. పిల్లలు పాడైన వస్తువులు తెస్తారు. కొన్ని బాగుపడతాయి, కొన్ని బాగుపడవు. పెన్షన్ మన హక్కని కోర్టు చెప్పింది. పనికి మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. నా మీటరూ ఐరనూ నేను తెస్తాను.