మార్కుల పట్టికయు, హాజరు పట్టికయు
(ప్రాథమికోన్నత పాఠశాలలను గురించి గ్రామ పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



ఏ గ్రామమునకు పోయినను పెద్దలు అడుగు ప్రశ్న ఒకటి కలదు. "మా బడి మంచిదా, కాదా?" వెంటనే మార్కుల మాట వచ్చును. పొరుగూరి బడిలో సగటున 60 మార్కులు వచ్చినవి, మా బడిలో 50 మాత్రమే వచ్చినవి, కావున మా పంతుళ్ళు సరిగా చెప్పుట లేదని తీర్పు చేయుదురు. ఆ తీర్పు ఒక్కొక్కప్పుడు నిజమే కావచ్చును. కాని బడిలో చదువుచున్న పిల్లలెవరో, ఏడాదిలో వారు ఎన్ని దినములు బడికి వచ్చిరో తెలియక చేసిన తీర్పు నిలువదు. ఈ విషయమునే నేడు మీకు మనవి చేయదలచితిని.

ఒక చిన్న లెక్క చూడుడు. ఎనిమిదవ తరగతిలో 40 మంది పిల్లలున్నారనుకొందము. వారిలో 30 మందికి సగటున 60 మార్కులు, తక్కిన 10 మందికి సగటున 20 మార్కులు వచ్చినచో తరగతి సగటు 50 అగును. పరీక్షలకు ముందే ఆ 10 మందియు బడి మానివేసినచో సగటు 60 అగును. క్రొత్తగా నేర్పినది లేదు, నేర్చుకొన్నది లేదు. పదిమంది పిల్లలు పనులలోనికి పోయిరి, కాగితము మీద బడి బాగుపడినది! కావున సగటు పెరిగినదని సంతోషించుటకు ముందు పిల్లల సంఖ్య తగ్గినదేమో విచారింపవలెను.

ఆ పదిమంది ఎవరు? కర్నూలు జిల్లా పడమటి భాగములోని ఆదోని, కోసిగి ప్రాంతములనుండి ప్రత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును గుంటూరు వైపునకు కుటుంబములు తరలిపోవుట మీకు తెలియును. పాలమూరు కూలీల వలసయు అట్టిదే. చట్టము ప్రకారము ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినములుండవలెను. తల్లిదండ్రులతో నాలుగు నెలలు వెళ్ళిన పిల్లవానికి ఇందులో సుమారు 90 దినములు పోవును. అతని మార్కులకు పంతులుగారిని మాత్రమే నిందించి ప్రయోజనమేమి?

గిరిజన గ్రామములలో మరొక చిక్కు కలదు. ఇంటిలో సవర, కువి, కోయ, గోండి వంటి భాషలు మాటలాడు బిడ్డకు బడి భాష క్రొత్తది. ఇందుచేతనే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషలలో ప్రాథమిక విద్య నారంభించిరి. ఇక ఇంటిలో చదువు చెప్పగలవారు లేని పిల్లల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి రాష్ట్రములో ఏడేండ్లు, ఆ పైబడిన స్త్రీలలో అక్షరాస్యులు సుమారు 59 శాతము మాత్రమే. అక్షరములు నేర్వని ఆ స్త్రీలలో అనేకులు నేడు తల్లులు. వారి బిడ్డలకు బడిలో అర్థము కానిది ఇంటివద్ద అడుగుటకు దిక్కు లేదు.

వెనుకబాటు ఆరవ తరగతిలోనే పుట్టినది కాదు. దేశములోని గ్రామీణ ప్రాంతములలో 2022లో జరిగిన అసర్ సర్వేలో, ఎనిమిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 69.6 శాతము. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపగలిగినవారు 44.7 శాతము. అనగా అనేకులు క్రింది తరగతుల బాకీతోనే పై తరగతులకు వచ్చుచున్నారు.

పిల్లలు పేదవారు గనుక వారికి చదువు రాదని నేను చెప్పుట లేదు. అట్టి మాటను మీరు కూడ అంగీకరింపవద్దు. ఏడాదిలో 200 దినములు బడికి వచ్చిన పిల్లలకును 20 మార్కులే వచ్చినచో లోపము బోధనలో నున్నదని తెలియును. అప్పుడు ఉపాధ్యాయులను తప్పక ప్రశ్నింపుడు. 35 మందికి ఒక ఉపాధ్యాయుడున్నాడా? గణిత విజ్ఞానములకు, సాంఘిక శాస్త్రమునకు, భాషలకు వేర్వేరుగా ఉపాధ్యాయులున్నారా? ఇవి చట్టము విధించిన ప్రమాణములే. ఖాళీలున్నచో తీర్మానము చేసి మండల విద్యాధికారికి పంపుడు. హాజరు లేనివారికే మార్కులు తక్కువైనచో పని బడి వెలుపల కలదు. అది ముఖ్యముగా మీ పని.

2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టములోని 9వ సెక్షను ప్రకారము, తన పరిధిలోని 14 ఏండ్ల లోపు పిల్లల వివరములు వ్రాసియుంచుట, వారి చేరికను, హాజరును, చదువు పూర్తియగుటను కనిపెట్టుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానిక సంస్థల విధులు. బడి యాజమాన్య సంఘములో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది.

కావున రాబోవు సమావేశమునకు ప్రధానోపాధ్యాయులను ఆహ్వానించి ఈ క్రింది నాలుగు విషయములు అడుగుడు.

ఒకటి: మూడేండ్ల క్రితము ఆరవ తరగతిలో ఎందరు చేరిరి? ఎనిమిదవ తరగతి పరీక్ష ఎందరు వ్రాసిరి? తగ్గినవారిలో వేరొక బడికి పోయినవారెందరు, చదువు మానినవారెందరు?

రెండు: బాలురు, బాలికలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వలస కుటుంబములవారు, వీరి హాజరు, మార్కులు విడివిడిగా ఎట్లున్నవి?

మూడు: ఏ నెలలో హాజరు పడిపోవుచున్నది? ఆ నెల రాకముందే సమగ్ర శిక్ష క్రింద వలస పిల్లల వసతి గృహమునకు కోరితిమా?

నాలుగు: చదువు మానిన బాలికలను 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలో చేర్పించుటకు ప్రయత్నము జరిగినదా?

ఒక హెచ్చరిక. సభలో ఏ బిడ్డ పేరును చదివి మార్కులు చెప్పవద్దు. అది బిడ్డకు అవమానము, తల్లిదండ్రులకు కష్టము. సభలో అంకెలు చాలును. పేర్లతో పని పడినప్పుడు వార్డు సభ్యులు ఆ ఇంటికే వెళ్ళి మాటలాడవలెను. తండ్రితోనే గాక తల్లితోను మాటలాడుడు.

పొరుగూరి బడితో పోల్చుటకంటె మీ బడిని నిరుటి మీ బడితోనే పోల్చుకొనుడు. నిరుడు మానిన పదిమందిలో ఆరుగురు తిరిగి వచ్చినచో సగటు కొంత తగ్గవచ్చును. ఆ తగ్గుదలకు ఉపాధ్యాయులను నిందింపక, వచ్చిన ఆరుగురిని నిలుపుటకు వారికి తోడ్పడుడు. ఈ నెలలోనే ఆ పట్టికలు తెప్పించి చూడవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.