నాకా మారింది, కార్మికుడు పోలేదు



ముంబయి లోయర్ పరేల్ నాకా గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. తెలంగాణ పల్లెల్లో మగ్గం విడిచి వచ్చిన మన పెద్దలెందరో సాంచాల మీద నిలబడింది ఆ మిల్లుపేటలోనే.

ఆ రోజుల్లో నాకాకు గడియారం అక్కరలేదు. భోంగా మోగితే షిఫ్టు మారినట్టే. లోపలికి పోయేవారు పోతుంటే, దిగినవారు తలనిండా దూదితో బయటికి వచ్చేవారు. బద్లీ పనికోసం కాచుకున్నదీ, గేట్ మీటింగు విన్నదీ, ఊరి ఉత్తరం చదివించుకున్నదీ ఆ మూలనే.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఏడాది దాటినా పరిష్కారం రాలేదు. వేలాది మంది మళ్లీ గేటు దాటి లోపలికి పోలేదు. ఇంతలో బట్ట కన్నా నేల ఖరీదైంది.

మిల్లు భూమిలో ఒక వంతు యజమానికి, ఒక వంతు నగరానికి, ఒక వంతు ప్రజల ఇళ్లకు అని 1991 నిబంధన చెప్పింది. 2001లో దాన్ని సవరించి, ఆ పంపకం ఖాళీ జాగాకు మాత్రమే అన్నారు. కట్టడాలున్న భూమి పంపకంలోంచి జారిపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణను నిలబెట్టింది. ఒక్క మాట మారితే మనకు దక్కవలసింది ఎంత తగ్గిందో చూడండి.

ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. ఆఫీసులు ఆకాశమంత లేచాయి, నడిచే దారి మాత్రం పెరగలేదు. 2017 సెప్టెంబరు 29న పక్కనే ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోయారు. పనికి పోయేవాళ్లే వాళ్లలో ఎక్కువ.

అయితే నాకాలో కార్మికుడు లేడా? ఉన్నాడు. మాల్ ఊడ్చే అక్క, గేటు కాసే అన్న, మోటారు సైకిలు మీద అన్నం మోసే తమ్ముడు ఎవరు? మన పిల్లలే. వాళ్లకు భోంగా లేదు, కాబట్టి పనిగంటలకు హద్దూ లేదు. గేట్ మీటింగూ లేదు.

అందుకే రెండు పనులు చేద్దాం. పాత టికెట్టు, పి.ఎఫ్. చీటీ, ఇ.ఎస్.ఐ. కార్డు పెట్టె అడుగున ఉంటే పారేయకండి. మిల్లు కార్మికుల ఇళ్లకు అర్జీ పెట్టాలంటే అవే మన సాక్ష్యం. రెండోది, కాంట్రాక్టు పనిలో ఉన్న మన పిల్లల్ని వచ్చే సమావేశానికి వెంట తీసుకురండి. మనం కూడితేనే ఆ మూల మళ్లీ మనది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!