పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట



కడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము నేను మా యింటి యరుగుపై గూర్చుండియుండగా, పలమనేరు ప్రాంతపు తల్లి యొకతె కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినది. ఆ బాలిక ఇంటర్మీడియెట్ పరీక్షలో నుత్తీర్ణురాలై తిరుపతిలో డిగ్రీ చదువ గోరుచుండెను. తండ్రి చాల యేండ్ల క్రిందటనే వీరిని విడిచి బెంగుళూరు చేరినాడు. కోర్టు ఉత్తరువు ననుసరించి బిడ్డకు నెలనెలా మనోవర్తి పంపుచు వచ్చినాడు.

"అయివారూ, బిడ్డకు పద్దెనిమిది నిండినాయి. చట్టప్రకారం ఇంక దుడ్డు కట్టే పని లేదని కబురంపినాడు. నిజమేనా?" అని యామె యడిగినది.

ముప్పదియేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పిన నేను ఆ ప్రశ్నకు బదులు చెప్పలేకపోతిని. చిత్తూరిలో న్యాయవాదిగా నున్న నా పూర్వశిష్యుని యడిగి తెలిసికొన్న సంగతిని నేడు మీకు మనవి చేయుచున్నాను. ఏలయన నిట్టి ప్రశ్నలు కోర్టు మెట్లెక్కుటకు ముందు మీ రచ్చబండకే వచ్చును.

బాల్యమునకొక యవధి నేర్పరచుట క్రొత్త గాదు. నారదస్మృతి 16వ యేటివరకు బాలుడనియే చెప్పినది. విజ్ఞానేశ్వరుని మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనుగు చేసినాడు గనుక, ఇట్టి ధర్మవిచారము మన భాషకును పాతదే. 1875వ సంవత్సరపు చట్టము ఆ యవధిని 18 ఏండ్లుగా నిర్ణయించినది. అయితే నేటి చదువుల లెక్క వేరు. ఆఱవ యేట బడిలో జేరిన బిడ్డ 16వ యేట పదవ తరగతిని, 18వ యేట ఇంటర్మీడియెట్‌ను ముగించును. డిగ్రీకి ఇంకను మూడేండ్లు కావలయును. కావున చట్టపు గడువు సరిగా కళాశాల గడపయొద్దనే తీరిపోవుచున్నది.

ఇక చట్టమున రెండు త్రోవలు గలవు. వీనిని వేరువేరుగ నెఱుగుటయే ముఖ్యము.

మొదటిది క్రిమినలు ప్రొసీజరు కోడులోని త్రోవ. 1898వ సంవత్సరపు కోడులో 488వ సెక్షనుగాను, 1973వ సంవత్సరపు కోడులో 125వ సెక్షనుగాను ఉండిన యీ విధి, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. ఆకలిగొన్నవారికి త్వరగా కూడుబెట్టుట దీని యుద్దేశము. ఏ మతమువారికైనను ఇది వర్తించును. దీనిక్రింద ఆరోగ్యవంతులైన బిడ్డల మనోవర్తి మైనారిటీ తీరుటతో నిలిచిపోవును. దేహమునందో మనస్సునందో లోపముండి తమ్ము తాము పోషించుకొనలేనివారికి మాత్రము, వివాహితయైన కుమార్తెను మినహాయించి, ఆ తరువాతను దొరకును.

రెండవది 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తుల చట్టము. దాని 20వ సెక్షను ప్రకారము, పెండ్లికాని కుమార్తె తన సంపాదనతోగాని ఆస్తితోగాని బ్రదుకలేనిదైనచో, ఆమెను పోషించు బాధ్యత తల్లిదండ్రులకు గలదు. 18 ఏండ్లు నిండినంతమాత్రమున నది తీరదు. పోషణయనగా కూడు, గుడ్డ, నివాసము మాత్రమే కాదు. విద్య, వైద్యము, తగుమాత్రపు వివాహవ్యయముకూడ నందులో జేరినవని ఆ చట్టమే చెప్పుచున్నది.

2020వ సంవత్సరమున సుప్రీంకోర్టువారు ఈ రెండింటిని విడదీసి తీర్పు చెప్పినారు. మేజరై, ఆరోగ్యముగా నున్న కుమార్తె మొదటి త్రోవన మనోవర్తి నడుగజాలదు. రెండవ చట్టముక్రింద వేరుగ నడుగవచ్చును. కావున ఆ తండ్రి పంపిన కబురు సగము నిజము. ఒక తలుపు మూసికొన్నది. రెండవది తెఱచియే యున్నది. కాని దానిని తట్టినగాని యెవరును పిలువరు.

పెద్దలారా, మూడు సంగతులు మఱువకుడు. బిడ్డకు 18 నిండకముందు చెల్లింపక నిలిపిన బాకీ, ఆ యేడు నిండినంతనే రద్దు గాదు. అయితే దానిని వారంటుతో వసూలు చేయుటకు, సొమ్ము చెల్లవలసిన నాటినుండి ఏడాదిలోపల దరఖాస్తు చేయవలయును. రెండవది: భార్యకు వేరుగ నేర్పరచిన మనోవర్తి, బిడ్డ మేజరైన కారణమున నిలువదు. మూడవది: పంచాయతీలో కొంత సొమ్ము చేతబెట్టి, ఇక బిడ్డకేమియు రావలసినది లేదని తల్లిచేత వ్రాయించు కాగితమునకు మీరు సాక్షి సంతకము చేయకుడు. తల్లి కలిమిలేములతో నిమిత్తము లేకుండ 1987వ సంవత్సరపు చట్టము స్త్రీలకును పిల్లలకును ఉచిత న్యాయసహాయము నిచ్చుచున్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దారి చూపుడు.

మఱి ఆరోగ్యవంతుడైన కుమారుని మాట యేమి? అతనికి ఈ రెండు త్రోవలును 18వ యేటితో ముగియును. అచట మిగిలినది తండ్రి ధర్మబుద్ధియు, మీ మాటయు మాత్రమే. మన చిత్తూరు రైతు మామిడియంటు నాటి, వేరు పట్టువఱకు బిందెలతో నీరు మోయును. ఇన్ని దినములైనవని లెక్కచూచి, కాపునకు రానున్న చెట్టును ఎండగట్టువాడు మన సీమలో లేడు. చెట్టునకు జేయనిది బిడ్డకు జేయవచ్చునా యని ఆ తండ్రిని మీరడుగవలయును.

ఆ తల్లి వ్యాజ్యము వేసినది, తీర్పింకను రాలేదు. బాలిక కళాశాలలో జేరినది. హాస్టలు రుసుమునకై తల్లి చెవికమ్మలు కుదువబడినవి. ఒక త్రోవ ముగిసిన పిదప రెండవది మొదలిడుటచే వచ్చిన కష్టమిది. పదునేడేండ్ల నాడే ఎవరైన నామెకీ మాట చెప్పియున్న, ఆ కమ్మలు చెవులకే యుండెడివేమో. మీ యూర నట్టి తల్లి యున్నచో, బిడ్డకు 17వ యేడు నిండిన నాడే పిలిచి చెప్పుడు. 18వ యేటివఱకు వేచియుండకుడు.

ఇక సెలవు.