బట్టల మీది మరకలు – ఇంట్లోనే పోగొట్టుకొనే ఉపాయాలు



విత్తనాలు, ఎరువుల గురించి చెప్పుకొనే ఈ వేళలో బట్టల మరకల సంగతి ఎందుకా అని మీకు తోచవచ్చు. కాని సేద్యం చేసేవారి బట్టలకు అంటినన్ని మరకలు మరెవరి బట్టలకూ అంటవు కదా! నాట్లలో బురద, బండి దగ్గర కందెన, గెల నరికితే అరటి రసం, కొడవలి తెగితే నెత్తురు, వంటింట్లో నూనె, పసుపు. ఇవిగాక, కంటికి కనబడకుండా బట్టలో దాగి ఉండేది మరొకటి ఉన్నది. అది పురుగుమందు. దాని సంగతి చివర చెబుతాను. అన్నిటికంటె శ్రద్ధగా వినవలసింది అదే.

ముందు ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. మరక దేనిదో తెలుసుకోకుండా సబ్బు రుద్దరాదు, వేడినీళ్లు పోయరాదు. ఒక మరకను వదలగొట్టే పదార్థమే ఇంకొక మరకను బిగించివేస్తుంది. మరక పడిన వెంటనే పని మొదలుపెట్టాలి. అంచు నుంచి మధ్యకు రుద్దాలి. మధ్య నుంచి రుద్దితే మరక వెడల్పవుతుంది. ఏ మందు వాడినా ముందుగా బట్ట లోపలి మడత మీద ఒక చుక్క వేసి, రంగు పోతుందేమో చూసుకోవాలి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయకూడదు.

ఇక ఒక్కొక్కటే చూద్దాము.

నెత్తురు, పాలు, గుడ్డు సొన: వీటిలో మాంసకృత్తులు ఉంటాయి. వేడి తగిలితే గుడ్డు ఉడికి గట్టిపడినట్లే ఇవి కూడా నూలుపోగుల్లో గట్టిపడతాయి. అందుచేత చన్నీళ్లే వాడాలి. లీటరు నీటికి రెండు చెంచాల ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, నలిపి, ఆ తరువాత సబ్బు పెట్టండి. పాలు కలిపిన టీ, కాఫీ మరకలకు కూడా మొదట చన్నీళ్లే.

బురద: తడిగా ఉండగా రుద్దితే మట్టి లోపలికి దిగుతుంది. బాగా ఎండనిచ్చి, దులిపి, బ్రష్షుతో గీకి, ఆ పైన ఉతకాలి. తొందరపడకుండా ఆగవలసిన మరక ఇదొక్కటే.

నూనె, బండి కందెన: ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. కందెన ఎండి మసి పట్టుకొని ఉంటే దాని మీద కొంచెం వంటనూనె రాసి, పది నిమిషాలు నాననిచ్చి, పాత గుడ్డతో అద్దండి. మసి మెత్తబడి వస్తుంది. తరువాత సబ్బు పట్టించి, బట్ట ఓర్చుకొనేంత వేడినీళ్లలో ఉతకండి. కొత్తగా పడిన నూనె మీద సుద్దపొడిగాని పిండిగాని చల్లితే నూనెను పీల్చుకొంటుంది. కిరసనాయిలు, పెట్రోలు వాడేవారున్నారు. పొయ్యి దగ్గర గాని, దీపం దగ్గర గాని ఆ పని చేయవద్దు.

పసుపు: పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది. అది చూసి బట్ట పాడైపోయిందని కంగారుపడవద్దు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడటం దాని స్వభావం. మంచినీళ్లతో బాగా జాడించి ఎండలో ఆరవేయండి. పసుపు రంగును విరిచేది ఎండే. తెల్లటి నూలుబట్ట అయితే రెండు మూడు ఎండలకు తేరుకొంటుంది. పట్టుచీరను మాత్రం ఎండలో వేయకూడదు. చీర రంగు కూడా వెలిసిపోతుంది.

తుప్పు: ఇనుపతీగ మీద ఆరవేసిన బట్టకు ఇది అంటుతుంది. నిమ్మరసం, ఉప్పు కలిపి మరకకు పట్టించి, గంటసేపు ఎండలో ఉంచి, బాగా జాడించాలి. దీనికి బ్లీచింగు పౌడరు వాడితే మరక పోకపోగా మరింత నిలిచిపోతుంది.

అరటి రసం: పడినప్పుడు నీళ్లలాగే ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఎండిపోతే మామూలు సబ్బుకు లొంగదు. వెంటనే కడగటం ఒక ఉపాయం. గెలలు నరికే రోజుకు పాతబట్టలు వేరుగా పెట్టుకోవటం అంతకంటె మంచి ఉపాయం.

బ్లీచింగు గురించి ఒక హెచ్చరిక. పట్టుకు, ఉన్నికి, రంగుబట్టలకు అది పనికిరాదు. నిమ్మరసం, వెనిగరు, మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ వంటి పులుపు వస్తువులతో దాన్ని ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ అనే విషవాయువు పుట్టి ఊపిరి ఆడదు.

ఇప్పుడు పురుగుమందు సంగతి. మందు చల్లి వచ్చిన చొక్కా చూడటానికి శుభ్రంగానే ఉండవచ్చు. కాని పురుగుమందు నోటి ద్వారానే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. ఆ చొక్కాను దండెం మీద వేసి, మరునాడు మళ్లీ తొడుక్కుంటే నిన్నటి మందు ఇవాళ మళ్లీ ఒంటికి అంటుతుంది. దాన్ని పిల్లల బట్టలతో కలిపి నానబెడితే వాటికీ అంటుతుంది. చేనుగట్టు తొక్కని ఇల్లాలు కూడా ఆ బట్టలు ఉతికితే మందు పాలబడుతుంది.

కనుక ఇలా చేయండి. చల్లటం కాగానే ఇంటి బయటే బట్టలు విప్పి, వెంటనే స్నానం చేయాలి. ఆ బట్టలను వేరే బకెట్టులో ఉంచి, అదేరోజు ఉతకాలి. రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. మొదట నీళ్లతో జాడించి, తరువాత వేడినీళ్లలో సబ్బుపొడి బాగా వేసి ఉతకాలి. ఇక్కడ మాత్రం వేడినీళ్లే మేలు. రెండోసారి కూడా ఉతికి, ఎండలో విడిగా ఆరవేయాలి. బకెట్టును కూడా సబ్బుతో కడగాలి. చెరువులో, కాలువలో ఉతకవద్దు. ఆ నీళ్లను బావికి, పశువుల తొట్టికి దూరంగా పారబోయండి. నీళ్లు కలపని చిక్కటి మందు ఒలికి బట్ట తడిసిపోతే, ఉతికి దాచుకోవాలని చూడవద్దు. ఎంత ఉతికినా మందు నిలుస్తుంది. ఆ చొక్కా మళ్లీ ఎవరూ తొడగకుండా చింపి పారవేయటమే క్షేమం. ఇతరులకు ఉతకటానికి వేసేటట్లయితే, మందు బట్టలని చెప్పకుండా వేయటం అన్యాయం.

గ్రామాల్లో తిరిగే విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మందు కలిపే మోతాదు మగవారికి చెప్పి ఊరుకోకండి. బట్టలు ఉతికే పద్ధతిని ఆ ఇంటి ఆడవారికి కూడా చెప్పండి. సాధారణంగా ఆ బట్టలు చేత పట్టేది వారే.

పసుపు మరక పోకపోతే ఒక చీర పోతుంది, అంతే. కంటికి కనబడని మరకను ఉపేక్షిస్తే మనిషికే ముప్పు. ఈ తేడా గుర్తుంచుకోండి.